పాయింట్ ఆరు

కిడ్నీ జబ్బులు ముసిరిన మా ఉద్దానంలో రక్తపరీక్ష కాగితం చేతికొస్తే దాన్ని పై నుంచి కింది దాకా ఎవరూ చదవరు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా వేలు పెట్టి ఒకే ఒక్క వరస వెతుక్కుంటారు. క్రియాటినిన్. కిడ్నీలు బాగున్నాయో లేదో చెప్పేది అదే. ఒకటి లోపుంటే ఆ పూట ఇంట్లో నవ్వులు వినిపిస్తాయి. దాటితే పొయ్యి వెలగదు. మిగతా వరసల సంగతి డాక్టర్లకే వదిలేస్తాం. నేను ఇరవై రెండేళ్ళుగా అంగన్‌వాడీ టీచర్ని. ఊళ్ళో సగం మంది కాగితాలు నేనే చదివిపెడతాను. అందుకే ఈ తప్పు ఊరి మీదికి నెట్టి తప్పించుకునే వీలు నాకు లేదు.

ఇది రెండేళ్ళ కిందటి జీడి సీజను సంగతి. ఫిబ్రవరి చివర్లో తోటలో తొలి జీడిపిక్కలు రాలుతున్నప్పుడు మా కోడలు సంజనకి ఏడో నెల వచ్చింది. ఆ పిల్లది టెక్కలి. చిన్నప్పుడే తల్లి పోయింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలంటారు గానీ అక్కడ చేసేవాళ్ళెవరున్నారు? "నీకు అమ్మయినా అత్తయినా నానే, ఎక్కడికీ పంపను" అని సీమంతం నాడే పదిమంది ముందూ చెప్పేశాను. మాట ఇవ్వడంలో నేనెప్పుడూ ముందే ఉంటాను.

మా ఆయన పోలారావు అంతకు ముందు ఏడాది వానాకాలంలో పోయారు. నాలుగేళ్ళు డయాలసిస్ మీద బతికారు. ఆ నాలుగేళ్ళూ ఆయనకి నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇచ్చాను. రోజుకి మూడు గ్లాసులు. నాలుగోది అడిగితే "ఒద్దు, ఆయాసమొచ్చీద్ది" అని నేనే చెంబు దాచేదాన్ని. ఉప్పు లేదు, అరటిపండు లేదు, కొబ్బరినీళ్ళు అసలే లేవు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లున్న మనిషి, నాలిక తడుపుకోవడానికి ఐసు ముక్క చప్పరించేవాడు. అలాంటి ఇంట్లోకి వచ్చిన పిల్ల గటగటా తాగుతుంటే, కంచం నిండా తింటుంటే, నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. పనులు ఆపుకుని మరీ చూసేదాన్ని.

బోరు నీళ్ళు ఆ పిల్ల నోట పడనివ్వలేదు. క్యాను నీళ్ళు వంటకి, తాగడానికి బొండాలు. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. మా అబ్బాయి సుమన్ తోట చూసుకుంటూనే, సీజన్లో చుట్టుపక్కల పిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకి తోలుతాడు. రోజూ వ్యాను తీసే ముందు, తిత్లీ తుపానుకి పడిపోకుండా మిగిలిన కొబ్బరిచెట్ల మీంచి గెల దింపి వరండాలో పెట్టి వెళ్ళేవాడు.

ఆ వరండాలోనే మా అత్త బొడ్డమ్మ మంచం. ఎనభై దాటాయి గానీ నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది.

"ఓలమ్మ, దీని కడుపులో ఉన్నది గుంటో, కొబ్బరికాయో! పురిటికి కత్తి పట్టుకుని ఎల్లాలేటి?" అనేది. మా వైపు గుంట అంటే పసిపిల్ల. సంజన నవ్వలేక పొట్ట పట్టుకునేది.

"బోరు నీల్లు తాగితే ఏటవుద్దో నీకు తెల్దేటత్తా?" అన్నాను ఒకరోజు.

"నాను కాపరానికొచ్చిన కాడి నుండీ ఈ ఊరి నీల్లే తాగినాను. నాకేటయిందే?"

"నీకేటీ అవదు. ఆ కిడ్నీలేవో నీ కొడుక్కొచ్చుంటే బాగుండును."

ముసలామె ముఖం అటు తిప్పుకుంది. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అనకూడని మాట అన్నానని తెలిసినా నేను దిగిరాలేదు. ఆ తర్వాత బొండాల గురించి మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు.

నా ఉద్యోగమూ నా పొగరుకి తోడయింది. ఇన్నేళ్ళలో నేను తూకం వేసిన పసిపిల్లల్లో ఎక్కువమంది రెండు కేజీలు, రెండుంబావు. సన్నటి కాళ్ళు, ముడతలు పడిన చర్మం. తల్లులకి గుడ్లూ పాలూ చిక్కీలూ ఇచ్చి "తినండర్రా, ఇంకాస్త తినండి" అని తిట్టి తిట్టి నా గొంతు అరిగిపోయింది. మీటింగుల్లో మమ్మల్ని నిలదీసేదీ తక్కువ బరువు పిల్లల గురించే. బరువు మరీ ఎక్కువైనా ప్రమాదమేనని ఒకటి రెండు సార్లు చెప్పారు. అది మన ఊరి సంగతి కాదనుకున్నాను. నా మనవడో మనవరాలో నాలుగు కేజీలు తూగాలి, ఆ ఫొటో మా టీచర్ల గ్రూపులో పెట్టాలి. అదీ నా కోరిక. నువ్వుండలు, ఖర్జూరాలు, జీడిపప్పు పాయసం, పనసతొనలు, ఏదో ఒకటి సంజన చేతిలో పెడుతూనే ఉండేదాన్ని.

"ఇంక సాలత్తా, పట్టదు" అనేది.

"నీకు పట్టకపోతే లోపలున్నోల్లకి పడతాది, తిను" అనేదాన్ని.

మార్చి మొదటి వారంలో మా ఊరి ఆశా కార్యకర్త ఎర్రమ్మ ఒక చీటీ రాయించుకొచ్చింది. గ్లూకోజు నీళ్ళు తాగి, రెండు గంటలయ్యాక రక్తం ఇవ్వాలి. కడుపుతో ఉన్నవాళ్ళకి షుగరు వచ్చిందేమో చూసే పరీక్ష అది. సంజనని సోంపేటలో ఒక ల్యాబుకి తీసుకెళ్ళాను. "దాంతోపాటు క్రియాటినిన్ కూడా సూడండి" అని నేనే అడిగి రాయించాను. మర్నాడు రిపోర్టు కోసం ఒక్కదాన్నే వెళ్ళాను. ల్యాబులో కవరు విప్పే ధైర్యం లేక, బస్టాండు దాకా నడిచి, బెంచీ మీద కూర్చుని విప్పాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి కిందికి దిగాను. క్రియాటినిన్, సున్నా పాయింట్ ఆరు.

మా ఆయనది ఆఖరి రోజుల్లో పదకొండు ఉండేది. ఆ బెంచీ మీద నాకు ఏడుపు ఆగలేదు. పక్కన ఖాళీ చేపల గంప పెట్టుకుని కూర్చున్న ఆవిడ నా భుజం పట్టుకుంది.

"ఏటయిందమ్మా? ఎవులు పోనారు?"

"ఎవులూ పోలేదమ్మా. మా కోడలికి పాయింట్ ఆరు" అన్నాను.

ఆవిడది డొంకూరట, అదీ ఉద్దానమే. ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. "మంచి కబురు తల్లీ, మంచి కబురు" అని నా చెంపలు నిమిరింది.

సుమన్‌కి ఫోన్ చేశాను. వ్యానులోకి బస్తాలు ఎక్కిస్తున్నాడు.

"ఎంతమ్మా?"

"పాయింట్ ఆరురా!"

వాడు పెట్టిన కేకకి అక్కడున్న కూలీలంతా నవ్వడం నాకు వినిపించింది. సాయంత్రం మైసూర్‌పాకు పొట్లం తెచ్చాడు. బొడ్డమ్మత్త కూడా అలక మరిచి రెండు ముక్కలు తింది. సంజన "అత్తా, ఆ కాయితం ఒకసారి ఇయ్యండి, సూత్తాను" అని చెయ్యి చాపింది.

"ఏటుందే సూడ్డానికి? అన్నీ బాగున్నాయి" అని ఆ చేతిలో ఇంకో ముక్క పెట్టాను.

అంతలో ఎర్రమ్మ ఫోను. "టీచరమ్మా, గ్లూకోజు రిపోర్టు ఎలాగొచ్చింది? సోమవారం డాక్టరమ్మకి సూపించాల."

"బాగుందే. నువ్వు కార్డులో రాసీసుకో" అన్నాను.

నేను చెప్పానంటే ఎర్రమ్మకి వేరే రుజువక్కర్లేదు. షుగరు దగ్గర నార్మల్ అని రాసేసుకుంది. ఆ కాగితంలో క్రియాటినిన్ కింద ఇంకా నాలుగు వరసలున్నాయి. మూడో వరస షుగరు. గ్లూకోజు తాగాక నూట నలభై లోపు ఉండాల్సింది నూట ఎనభై ఆరు ఉంది. పక్కన చుక్క గుర్తు కూడా వేసి ఉంది. ఆ రోజు నా వేలు అక్కడి దాకా దిగలేదు. కాగితం మడిచి, సంజన కాగితాలన్నీ ఉండే ప్లాస్టిక్ కవర్లో పెట్టేశాను.

ఏప్రిల్‌కి ఎండలు ముదిరాయి. తోటలో ఎక్కడ చూసినా జీడిపళ్ళు, ఈగలు, పులిసిన వాసన. పిక్కలేరడానికి వచ్చిన ఆడవాళ్ళు సంజన పొట్ట చూసి "కవలలేటి టీచరమ్మా?" అని అడిగేవారు. నేను మురిసిపోయేదాన్ని. సంజనకి దాహం ఎక్కువైంది. బొండం తాగిన అరగంటకే మళ్ళీ నాలిక ఆరిపోతోందనేది. గంటకోసారి దొడ్లోకి వెళ్ళొచ్చేది. ఒకరోజు పొద్దున కాళ్ళు కాస్త ఉబ్బినట్టు కనిపించాయి.

మా ఆయనకి మొదలైంది అలాగే. బొటనవేలితో ఆ పిల్ల ముంగాలి మీద నొక్కి చూశాను. సొట్ట పడింది. ఆ పూటే ఆటోలో సోంపేట తీసుకెళ్ళి రక్తం తీయించాను. "ఏం చూడమంటారమ్మా?" అని ల్యాబులో అడిగితే "క్రియాటినిన్ ఒక్కటే సాలు" అన్నాను. పాయింట్ ఏడు వచ్చింది. నెల తొమ్మిదికి దగ్గరైతే కాళ్ళు ఉబ్బడం మామూలేలే అని నాకు నేనే చెప్పుకుని, ఇంటికి వచ్చి హాయిగా అన్నం తిన్నాను.

మే మొదట్లో స్కానింగు తీశారు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ ఝాన్సీ ఆ కాగితం చూసి, సంజన పొట్ట టేపుతో కొలిచింది. చిన్న వయసు, మెత్తటి మాట. అయినా ఏ ప్రశ్నా వదిలిపెట్టే మనిషి కాదు.

"బిడ్డ బరువు బాగా ఎక్కువగా ఉంది. షుగర్ పరీక్ష చేయించారా?"

"సేయించినామమ్మా. నార్మలే" అన్నాను.

ఆమె కార్డు తిరగేసింది. అక్కడా అదే రాసుంది.

"నాకు దాహం ఎక్కువేస్తంది మేడం" అంది సంజన, బల్ల మీంచి లేస్తూ.

"ఈ ఎండలకి ఎవులికెయ్యదమ్మా" అని నేను సర్ది చెప్పాను.

డాక్టరమ్మ "కావాలంటే ఇంకోసారి షుగర్ చూద్దాం" అంది. బయట నలభై మంది ఆడవాళ్ళు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. "మొన్ననే సేయించినామమ్మా, రిపోర్టు నానే సదివినాను. అంగన్‌వాడీ టీచర్ని" అన్నాను. ఆ మాటతో ఆమె నమ్మింది. నొప్పులు రాగానే ఆలస్యం చెయ్యకుండా రమ్మని చెప్పి పంపించింది.

మే ఇరవై ఒకటిన తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. ఎర్రమ్మ అంబులెన్సు పిలిచింది. ఆసుపత్రిలో తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానిస్తారు. నేను వెళ్ళాను. ఎన్నో కాన్పులకి తోడు వెళ్ళినదాన్ని కాబట్టి నాకు భయం లేదు. సంజన నా చెయ్యి నలిపేస్తూ "అత్తా, మా అమ్మ కూడా ఇలగే పడిందేటి?" అంది. "అందరం పడ్డాం, ఇంకాసేపే తల్లీ" అన్నాను.

పదకొండు దాటాక తల వచ్చింది. నల్లగా ఒత్తయిన జుట్టు. "వచ్చీసిందే, వచ్చీసింది!" అని అరిచాను. అంతలోనే ఆ తల రెండు బుగ్గలతో సహా వెనక్కి లాగేసుకున్నట్టయి అక్కడే ఆగిపోయింది. డాక్టరమ్మ గొంతు మారింది.

"బిడ్డ భుజం లోపల ఇరుక్కుంది. అందరూ రండి. టైం చూడండి."

ఎక్కడెక్కడి నర్సులో పరుగెత్తుకొచ్చారు. ఇద్దరు సంజన మోకాళ్ళు మడిచి పొట్టకేసి నొక్కారు. ఇంకొకామె పీట ఎక్కి పొత్తికడుపు దగ్గర రెండు చేతులతో అదిమింది. "ఇప్పుడు ముక్కకమ్మా, ఊపిరి తీసుకో" అంటోంది డాక్టరమ్మ. గోడ గడియారం చూస్తూ ఒక నర్సు నిమిషాలు చెబుతోంది. ఒకటి. రెండు. సంజన అరుపు ఆగిపోయి కళ్ళు నా మీద నిలబడ్డాయి. మూడు. నేను మొక్కని దేవుడు లేడు. నాలుగు. అయిదో నిమిషం చెప్పబోతుండగా డాక్టరమ్మ చేత్తో లోపలి నుంచి భుజం తిప్పి బిడ్డని బయటికి లాగింది.

ఆడపిల్ల. ఏడవలేదు. పక్క బల్ల మీదికి తీసుకెళ్ళి ముక్కుకి గొట్టం పెట్టి గాలి కొట్టారు. కాసేపటికి సన్నగా ఒక మూలుగు వచ్చింది. తూకం మీద పెట్టిన నర్సు "నాలుగు కేజీల తొమ్మిది వందలు" అంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ అంకె వినగానే ఒక్క క్షణం నాలో గర్వం కలిగింది. అప్పటికి ఆ పిల్ల కుడిచెయ్యి కదలడం లేదు.

ఆ తర్వాత సంజనకి రక్తం ఆగలేదు. బట్ట మీద బట్ట మారుస్తూనే ఉన్నారు. నన్ను బయటికి పంపేశారు. మూడు సీసాల రక్తం కావాలన్నారు. సుమన్, బస్తాలెత్తే ఇద్దరు కూలీలూ రక్తం ఇవ్వడానికి వెళ్ళారు. నేను వరండాలో గోడకానుకుని కూర్చున్నాను.

మూడు గంటల వేళ డాక్టర్ ఝాన్సీ వచ్చింది. ఆమె బట్టల మీద ఇంకా మా పిల్ల రక్తం ఉంది.

"తల్లికి ఫరవాలేదు, రక్తం ఆగింది. బిడ్డకే బాగాలేదు. షుగర్ పడిపోతోంది, ఎక్కిస్తున్నా నిలవడం లేదు. తల్లికి షుగర్ ఉన్నప్పుడే ఎక్కువగా ఇలా అవుతుంది. ఆ రిపోర్టు ఒకసారి ఇస్తారా?"

ప్లాస్టిక్ కవరు నా ఒళ్ళోనే ఉంది. వెతికి తీసి ఇచ్చాను. ఆమె పై నుంచి చదవడం మొదలుపెట్టి, కిందికి వచ్చి, ఒకచోట ఆగింది. జేబులోంచి పెన్ను తీసి ఆ వరస చుట్టూ గీత గీసింది. కాగితం నాకు కనిపించేలా తిప్పింది.

"ఇది ఎవరు చదివారమ్మా?"

"నానే" అన్నాను.

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. "తెలిసుంటే తిండి మార్చేవాళ్ళం. మందు ఇచ్చేవాళ్ళం. ఇంత బరువుకి ఆపరేషన్ చేసి తీసేవాళ్ళం" అని నెమ్మదిగా చెప్పింది. ఆ కాగితం కేసు ఫైల్లో పెట్టుకుని పిల్లల వార్డులోకి వెళ్ళిపోయింది. చుట్టూ మావాళ్ళెవరూ లేరు. ఆ మాటలు విన్నది నేనొక్కదాన్నే.

మర్నాడు సంజనని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి బిడ్డని చూపించారు. పిల్ల ఒళ్ళంతా గొట్టాలు. సంజన వేళ్ళతో అరికాలు ముట్టుకుంది. "అత్తా, అచ్చం మీ అబ్బాయి పాదమే" అంది. ఆ సాయంత్రానికి పిల్లకి ఫిట్లు వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

పురుడికని నేను ఉతికి ఆరబెట్టి దాచిన పాత చీర ముక్కలు ఏవీ ఆ పిల్లకి సరిపోలేదు. సుమన్ తన తువ్వాలు తీసి చుట్టాడు. తోటకి తూర్పున, సముద్రం వైపు ఇసుకనేలలో పూడ్చి వచ్చారు. వాడు తిరిగొచ్చి స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వ్యానులో ఎక్కి కూర్చున్నాడు. సాయంత్రం దాకా దిగలేదు.

సంజనని అయిదో రోజు ఇంటికి పంపారు. ఊరంతా పలకరించడానికి వచ్చింది. "అంత బారు గుంట ఎలాగ పోనాదమ్మా" అని అందరూ అదే మాట. "దిట్టి తగిలింది. కడుపు సూసి కవలలన్నారు కాదేటి, ఆల్ల కల్లే తగిల్నాయి" అంది బొడ్డమ్మత్త. దిష్టి అన్న మాట నాకు అనుకూలంగా ఉంది. నేను కాదనలేదు. వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇస్తూ, కళ్ళు తుడుచుకుంటూ, ఊరుకున్నాను. అంత పిరికితనం నాలో ఉందని అంతకు ముందు నాకే తెలియదు.

సుమన్ దిష్టి మాట నమ్మలేదు. ఆ మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కుంటూ అన్నాడు.

"ఆ డాక్టరమ్మని ఒగ్గనమ్మా. అంత బరువుందని ముందే తెలుసు కదా. కోసి తియ్యాల్సింది. పిటీషను రాయిస్తున్నాను. మన కుర్రాళ్ళు ఇరవై మంది వస్తామన్నారు. ఆసుపత్రి ముందు కూకుంటాం."

"ఎప్పుడు?"

"రేపే."

అయిదు నిమిషాలు ఆ బిడ్డ కోసం పెనుగులాడిన మనిషి మీదికి ఇరవై మందిని తోలబోతున్నాడు నా కొడుకు. తప్పు నాదేనని వాడికి చెప్పాలి. కానీ వాడి కంటే ముందు వినాల్సింది బిడ్డని మోసిన సంజన. ఆ పిల్ల ముందు ఏ ముఖం పెట్టుకుని ఆ మాట చెప్పను? తల్లి లేని పిల్లకి తల్లినన్నాను. ఈ మాట విన్నాక ఆ పిల్ల నా ఇంట్లో ఉంటుందా, నా చేత్తో పెట్టిన అన్నం తింటుందా అని భయం వేసింది.

ఆ రోజే సంజనకి పాలు పడ్డాయి. రక్తం పోయిన ఒంటికి ఆలస్యంగా వచ్చి, వచ్చీ రావడంతోనే రొమ్ములు రాళ్ళయిపోయాయి. నొప్పికి ఆ పిల్ల పళ్ళు బిగబట్టుకుంది. తాగే బిడ్డ లేనప్పుడు మా వైపు మల్లెపూలు కడతారు. పాలు ఇంకిపోతాయి. మధ్యాహ్నం ఆటో ఎక్కి సోంపేట వెళ్ళాను. "పది మూరలియ్యమ్మా" అంటే పూలమ్మి నవ్వుతూ "పెల్లేటమ్మా ఇంట్లో?" అంది. తలూపాను. కొసరు కూడా వేసింది.

గది తలుపు దగ్గరగా వేసి, సంజన జాకెట్టు హుక్కులు తీసి, గోరువెచ్చని గుడ్డతో తుడిచాను. మల్లెదండలు చుట్టూ పరిచి మెత్తటి గుడ్డతో కట్టడం మొదలుపెట్టాను. పాలు కారి పూలు తడిసిపోతున్నాయి. సంజన పైకప్పు కేసి చూస్తోంది.

"సంజనా" అన్నాను. "ఇది దిట్టి కాదే. డాక్టరమ్మ తప్పూ కాదు."

ఆ పిల్ల తల తిప్పింది.

"మార్చిలో గ్లూకోజు నీల్లు తాగి రగతం ఇచ్చినావు కదా. ఆ కాయితంలో షుగరుంది. నూట ఎనభై ఆరు. నాను సూల్లేదు. క్రియాటినిన్ ఒక్కటే సూసి మడిసి పెట్టీసినాను. నువ్వు సూత్తానంటే ఇయ్యలేదు. ఎర్రమ్మడిగితే బాగుందన్నాను. డాక్టరమ్మ మల్లీ సూద్దామంటే కూడా అక్కర్లేదన్నాను. నువ్వు దాహమంటే ఎండలన్నాను. తెలిసుంటే కోసి తీసేవోరు. గుంట బతికేది."

ముడి వెయ్యాల్సిన గుడ్డ కొసలు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాను. సంజన ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా పడడానికి సిద్ధపడే వచ్చాను. వరండాలో బొడ్డమ్మత్త దగ్గు, వీధిలో సుమన్ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్న మాటలు వినిపిస్తున్నాయి.

"అత్తా, ఒకటడుగుతాను. నిజం సెప్పండి."

"అడుగు."

"ఆ కాయితం నాది కాకుండా ఊళ్ళో ఇంకొకలిదయితే, సూసేవారా?"

లేదని చెప్పొచ్చు. నాకు తెలియలేదు, ఎవరిదైనా ఇంతే అని చెప్పొచ్చు. అలా చెబితే ఆ పిల్లకి కాస్త తేలికగా ఉండేదేమో. నాకూ ఉండేది. కానీ అంతకు ముందు ఏడాది పక్కవీధి మాధవీలతకి కడుపుతో ఉన్నప్పుడు షుగరుందని కనిపెట్టింది నేనే. ఆ అమ్మాయి కాగితంలో ప్రతి వరసా చదివాను. బద్ధకించి ఇంట్లో కూర్చుంటే తిట్టి మరీ డాక్టరు దగ్గరికి పంపాను. అప్పుడు నాకు ఏ భయమూ లేదు, వెతుక్కోవాల్సిన అంకె ఏదీ లేదు. మాధవీలత కూతురు అప్పటికి నా సెంటర్లోనే తప్పటడుగులు వేస్తుండేది.

"సూసేదాన్ని" అన్నాను.

సంజన కళ్ళు మూసుకుంది. రెండు చెంపల మీదా నీళ్ళు దిగి చెవుల్లోకి పోయాయి. కొంతసేపటికి నా చేతుల్లో ఉన్న గుడ్డ కొసలు తనే తీసుకుని గట్టిగా ముడి వేసుకుంది. జాకెట్టు సర్దుకుని, గోడ పట్టుకుని లేచి కూర్చుంది. నేను పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయన్ని లోపలికి పిలవండి. ఇప్పుడు నాకు సెప్పినట్టే, ఏదీ దాచకుండా ఆయనకీ సెప్పండి" అంది.

నేను తలూపి, కింద రాలిన మల్లెపూలు ఏరడం మొదలుపెట్టాను.

"సెప్పండత్తా. నేను ఇక్కడే కూకుంటాను" అంది.

నేను లేచి తలుపు తీసి సుమన్‌ని పిలిచాను.